సెక్షన్ 11ని గీయడానికి నాకు పట్టిన 19 రోజులు

తెనాలి కోర్టు దగ్గర మాది చిన్న షాపు. జాబ్ టైపింగ్, జిరాక్స్, లామినేషన్. 11 ఏళ్లపాటు అక్కడ కూర్చుని ఇంగ్లీషు పిటిషన్లు, అఫిడవిట్లు టైపు చేశాను. వేగంగా, తప్పుల్లేకుండా. లాయర్లు నా దగ్గరికే వచ్చేవాళ్లు. కానీ ఆ కాగితాల్లో ఏం రాసి ఉందో నాకు తెలిసేది కాదు. స్పెల్లింగులన్నీ వేళ్లకి తెలుసు, వాక్యం మాత్రం ఎప్పుడూ బుర్రదాకా రాలేదు. నేను డిగ్రీ వరకూ తెలుగు మీడియం. అలాంటి ఇంగ్లీషు చట్టం వాక్యాల్ని గీతల బొమ్మలుగా గీసి అర్థం చేసుకోవడం ఎలా నేర్చుకున్నానో ఇది.

37వ ఏట లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరాను. పరీక్ష తెలుగులో రాసే వీలున్నా, బేర్ యాక్టులు, అంటే వివరణల్లేని అసలు చట్టం పుస్తకాలు, ఇంగ్లీషులోనే చదవాలి. గైడు బట్టీ పట్టి రెండు సెమిస్టర్లు గట్టెక్కాను. 2025 మే 27న రిజల్ట్స్ వచ్చాయి. సీపీసీలో, అంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ పేపర్లో, పాసు మార్కులకి 5 తక్కువ. ఆ సాయంత్రం షాపు షట్టర్ సగం దించి లోపల కూర్చుని ఏడ్చాను. బయట ఎవరో జిరాక్స్ కోసం షట్టర్ కొడుతూనే ఉన్నారు. లేచి తీసి చేసిపెట్టాను. రెండు రూపాయలు.

జూన్ రెండో వారంలో ఒక రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరర్ స్థలం తగాదా అఫిడవిట్ టైపు చేయించుకోవడానికి వచ్చారు. గుంటూరు బ్రాడీపేటలో ఉంటారు. ప్రింటు తీసి ఇస్తే పెన్సిలు అడిగి, ఒక వాక్యం కింద గీతలు గీసి, "అమ్మాయ్, ఇక్కడ 'విచ్' దేనికి తగిలించావు? స్థలానికా, గోడకా?" అన్నారు. నేను తగిలించేదేముంది మాస్టారూ, లాయరు గారు చెప్పింది కొట్టాను అన్నాను. ఆయన నవ్వలేదు. "ఇలా అయితే గోడని రిజిస్టర్ చేసినట్టు ఉంది" అన్నారు. చూస్తే నిజమే. ఆ గీతల్లో నాకే కనబడింది. ఇంగ్లీషు వాక్యంలో ఒక తప్పు, ఎవరూ తెలుగులో చెప్పకుండా నా కంటికి దొరకడం అదే మొదటిసారి.

నాకు నేర్పుతారా అని అడిగాను. ఆదివారాలు, గంటన్నర, నెలకి వెయ్యి, ముందే ఇవ్వాలి అన్నారు. రిటైరైన మాస్టారు ఊరికే చెప్తారేమో అనుకున్న మాట నిజం. ఆ వెయ్యికి మొదట్లో మనసొప్పలేదు. పైగా గుంటూరుకి బస్సు ఖర్చు. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయ్యాక ఆ ఒక్క భారం తగ్గింది. ఫ్రీ అయిన మొదటి ఆదివారం ఆధార్ మర్చిపోయి టికెట్ కొనుక్కున్నాను, అది వేరే కథ.

జూన్ 22న మొదటి క్లాసు. గ్రామర్ పుస్తకం తీస్తారనుకుంటే తెల్లకాగితం మీద ఒక అడ్డగీత గీశారు. దాన్ని మధ్యలో నరికినట్టు ఒక నిలువు గీత. ఎడమవైపు కర్త, కుడివైపు క్రియ. "చేపలు ఈదుతాయి" అన్నంత చిన్న ఇంగ్లీషు వాక్యం వేసి, ఇదే మొత్తం, మిగతాదంతా దీనికి వేలాడేదే అన్నారు. కర్మ ఉంటే క్రియ తర్వాత ఇంకో నిలువు గీత, కానీ అది అడ్డగీత పైనే ఆగిపోవాలి, కిందకి దిగకూడదు. 'ఫలానావాడు డాక్టరు' లాంటి వాక్యమైతే నిలువు గీత బదులు కర్త వైపు వాలిన ఏటవాలు గీత. విశేషణాలు కింద వాలుగా వేలాడతాయి. ఇన్, ఆఫ్, బై లాంటివి వస్తే ఒక వాలు గీత మీద ఆ మాట, దాని చివర చిన్న అడ్డగీత మీద నామవాచకం.

1877లో అమెరికాలో బ్రూక్లిన్‌లో పనిచేసే రీడ్, కెలాగ్ అనే ఇద్దరు పంతుళ్లు తమ వ్యాకరణం పుస్తకంలో పెట్టిన పద్ధతి ఇది. అక్కడి స్కూళ్లలో తరాలపాటు పిల్లల చేత ఇలాగే గీయించారట. మాస్టారు తన ఉద్యోగంలో ఏనాడూ దీన్ని క్లాసులో వాడలేదు. సిలబస్‌లో లేదు కాబట్టి.

మూడు వారాలు నేను ఒకే తప్పు చేశాను. 'ఇన్ ద కోర్ట్' అని ఉంటే వాలు గీత వదిలేసి 'కోర్ట్' ఒక్కటే రాసేదాన్ని. ఎందుకో మాస్టారికి అంతుబట్టలేదు, నాకే ఒకరోజు బస్సులో తట్టింది. మనకి 'కోర్టులో' అంటే ఒకే మాట. 'లో' విడిగా నిలబడదు, తోకలా అంటుకునే ఉంటుంది. ఇంగ్లీషులో ఆ 'లో' ముందుకొచ్చి, తనకంటూ ఒక గీత కావాలంటుంది. అది అర్థమైన ఆదివారం నుంచి ఆ తప్పు పోయింది. చిన్నప్పుడు డు-ము-వు-లు అని పాట పాడినట్టు నేర్చుకున్న విభక్తులకి ఉపయోగం ఉందని అప్పుడు తెలిసింది.

జులై 20న హోంవర్క్, రాజ్యాంగ ప్రవేశిక. మా అమ్మాయి పాత స్కూలు పుస్తకం మొదటి పేజీలో ఇంగ్లీషుది దొరికింది. 'వి' అని మొదలుపెట్టి, అసలు క్రియలు ఎక్కడో చివర్లో వస్తాయి: అడాప్ట్, ఎనాక్ట్, గివ్. కర్త ముందు, క్రియ చివర, మధ్యలో కథంతా. అచ్చం మన వాక్యంలాగే ఉందే అని సంబరపడ్డాను. ఒకే కర్త నుంచి మూడు క్రియలు చీలాలి కాబట్టి గీత పంగల కర్రలా చీలుతుంది. 'హావింగ్ రిజాల్వ్‌డ్' అనేది వంగిన గీత మీద 'వి'కి వేలాడుతుంది. దాని కింద న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం నాలుగూ వరసగా 'సెక్యూర్' అనే మాటకి కట్టేశాను. ముగ్గులా అందంగా వచ్చింది.

మాస్టారు నాలుగోదాని మీద వేలు పెట్టారు. మళ్లీ చదివితే, మొదటి మూడే 'సెక్యూర్'కి కర్మలు. ఫ్రాటర్నిటీ ముందు 'ప్రమోట్' అని వేరే మాట ఉంది. అంటే మూడింటిని సమకూర్చి పెడతామన్నారు, సౌభ్రాతృత్వాన్ని మాత్రం పెంపొందిస్తామన్నారు. స్కూల్లో ఆ నాలుగూ ఒకే గుక్కలో చదివాను, పరీక్షలో ఒకే గుక్కలో రాశాను. ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని దాని గురించే ఆలోచిస్తూ వచ్చాను.

తర్వాత దొంగతనం. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, పాత 378 ఇప్పుడు 303. నిర్వచనం మాత్రం దాదాపు అదే. 'హూఎవర్' అని మొదలై 32 మాటలు. ఒకరి స్వాధీనంలో ఉన్న చరాస్తిని, వాళ్ల అనుమతి లేకుండా, నిజాయితీ లేకుండా తీసుకోవాలన్న ఉద్దేశంతో, అందుకోసం ఆ ఆస్తిని కదిలించినవాడు దొంగతనం చేసినట్టు.

ఇక్కడ కర్త స్థానంలో ఒక మాట కాదు, ఒక చిన్న వాక్యమే కూర్చుంటుంది. అలాంటప్పుడు దాన్ని రెండు కాళ్ల పీట మీద ఎక్కించి అడ్డగీత మీద నిలబెట్టాలి. పీట మీద ఉన్న వాక్యంలో క్రియ ఏది? 'టేక్' అనుకున్నాను. దొంగతనమంటే తీసుకోవడమే కదా. గీస్తే అది కుదరదు. 'టేక్' అనేది 'ఇంటెండింగ్' కింద వేలాడుతోంది. క్రియ గీత మీద కూర్చున్న మాట 'మూవ్స్', వాక్యంలో 20వ మాట. అంటే తీసుకోవడం మనసులో ఉంటే చాలు, చేతితో కదిలిస్తే నేరం పూర్తయినట్టే. సెక్షన్ కిందే ఉదాహరణ ఉంది: ఒకడు జేబులో కుక్కకి ఎర పెట్టుకుని వేరేవాళ్ల కుక్కని వెంట తిప్పుకుంటాడు. కుక్క వాడి వెంట నడవడం మొదలుపెట్టగానే దొంగతనం అయిపోయింది. ఆ కుక్క కథ క్లాసులో విని నవ్వుకున్నాం, ఎందుకలా అని మాత్రం ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఒక్క గీత ఎక్కడ పెట్టాలో తెలిసేసరికి కుక్క ఎందుకొచ్చిందో తెలిసింది.

ఈ దశలో షాపులో ఒక అనర్థం జరిగింది. నా దగ్గర కాగితాలకి కొదవ లేదు. ప్రింటు పాడైన లీగల్ సైజు కాగితాల వెనకవైపే గీసుకునేదాన్ని, పొడుగు వాక్యాలకి ఏ4 చాలదు. మా దగ్గర పనిచేసే కుర్రాడు ఆ కట్టని ఖాళీ కాగితాలనుకుని ప్రింటర్‌లో పెట్టాడు. ఒక లాయరు గారి కౌంటర్ కాపీ మూడో పేజీ వెనక నా దొంగతనం బొమ్మ వెళ్లిపోయింది. ఆయన సాయంత్రం తీసుకొచ్చి బల్ల మీద కొట్టి, నలుగురిలో అరిచారు. కాపీలు మళ్లీ తీసిచ్చి, డబ్బులు తీసుకోలేదు. 140 రూపాయలు పోయాయి. ఆ రోజు నుంచి నా కాగితాలన్నిటికీ ఎర్ర స్కెచ్‌పెన్‌తో అడ్డంగా ఒక గీత. ఇలాంటివి గీసేవాళ్లెవరైనా ఇంట్లో, షాపులో కాగితాలు కలవకుండా చూసుకోండి.

ఆగస్టు 24న మాస్టారు సీపీసీ సెక్షన్ 11 ఇచ్చారు. రెస్ జ్యుడికేటా. నేను ఫెయిలైన పేపర్లో వచ్చిన ప్రశ్న అదే. అసలు సెక్షన్ 78 మాటలు, ఒకే వాక్యం, మధ్యలో ఫుల్‌స్టాప్ లేదు. ఒకసారి తేలిన తగాదాని మళ్లీ కోర్టు విచారించకూడదని దాని సారం. ఆ సారం గైడులో కూడా ఉంది. నాకు కావాల్సింది ఆ 78 మాటలు ఒకదానికొకటి ఎలా పట్టుకున్నాయో.

అడ్డగీత మీదకి చేరేవి చాలా తక్కువ: నో కోర్ట్, షల్ ట్రై, సూట్ ఆర్ ఇష్యూ (సూట్ అంటే దావా, ఇష్యూ అంటే అందులో కోర్టు తేల్చాల్సిన అంశం). అది పది నిమిషాల పని. ఆ తర్వాతే నరకం. 'ఇన్ విచ్' దగ్గర కిందకి చుక్కల గీత దిగి, ఇంకో పూర్తి వాక్యం మొదలవుతుంది, దానికి కర్త 'మ్యాటర్'. ఆ మ్యాటర్ పాత దావాలో ఇష్యూగా ఉండి ఉండాలి. ఆ పాత దావా అవే పార్టీల మధ్య, లేదా వాళ్లు ఎవరి ద్వారా హక్కు చెప్పుకుంటున్నారో వాళ్ల మధ్య. 'లిటిగేటింగ్' ఆ పార్టీల కిందకి. అలా దిగుతూ దిగుతూ అయిదో అంతస్తుకి వచ్చాక, ఉన్నట్టుండి 'అండ్ హాజ్ బీన్ హర్డ్' అని ఒక 'అండ్' వస్తుంది. దేనికి అండ్? పక్కనున్న 'రెయిజ్‌డ్'కి కట్టాను. కట్టి రెండు రోజులు అదే సరైందనుకున్నాను.

షాపులో పని మధ్య గీయడం కష్టం. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత వంటింటి గట్టు మీద గీసేదాన్ని. మా ఆయన ఒకటి రెండు రాత్రులు చూసి "కరెంటు లైన్ల మ్యాపా?" అన్నాడు. మా అమ్మాయి "చేపముళ్లు" అని పేరు పెట్టింది. ఒకరోజు షాపులో కౌంటరు మీద పరిచి చూసుకుంటుంటే, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం వచ్చిన ఒక పెద్దాయన చాలాసేపు తొంగిచూసి, "ఎవరిదమ్మా ఈ వంశవృక్షం? ఆస్తి బాగా ఉన్నట్టుంది" అన్నారు.

ఆయన నవ్వించి వెళ్లిపోయారు గానీ ఆ మాట పట్టుకుంది. వంశవృక్షంలో మనవడిని మనవడి పక్కన రాస్తాం, ఎక్కడో దూరాన ఉన్నా సరే, తరం ఒకటే కాబట్టి. 'హాజ్ బీన్ హర్డ్' ఏ తరం? రెయిజ్‌డ్ అయ్యింది కొత్త దావాలో. విని తేల్చింది పాత దావాలో. అవి రెండూ అన్నదమ్ములు కావు. వెనక్కి వెనక్కి ఎక్కితే దాదాపు 50 మాటల పైన 'హాజ్ బీన్ ఇన్ ఇష్యూ' కనబడింది. రెండింటికీ 'మ్యాటర్' ఒక్కటే కర్త. మ్యాటర్ పాత దావాలో ఇష్యూగా ఉండి ఉండాలి, *మరియు* దాన్ని విని చివరిదాకా తేల్చి ఉండాలి. రెండూ జరిగితేనే తలుపు మూసేది. నేను పరీక్షలో ఒక్కటే రాశాను. ఫెయిలవడానికి అదే కారణమని చెప్పలేను, కానీ అది రాయలేదన్నది మాత్రం ఖాయం.

సెప్టెంబర్ 12 రాత్రి పదకొండున్నరకి, పది రూపాయల డ్రాయింగ్ చార్టు మీద మొత్తం వాక్యం పట్టింది. అప్పటికి మూడు చార్టులు చించేశాను. రెండు రబ్బర్లు అరిగిపోయాయి. చుక్కల గీతని కాగితం ఆ చివర నుంచి ఈ చివరకి లాగుతుంటే చెయ్యి వణికింది, ఎందుకో తెలియదు. అందరూ పడుకున్నారు, చెప్పుకోవడానికి ఎవరూ లేరు. ఫోటో తీసి మా అమ్మాయికి వాట్సాప్ చేశాను, పక్క గదిలోనే ఉంది.

14న మాస్టారు అరగంట చూశారు. 'ఇన్ ఎ కోర్ట్ కాంపిటెంట్' (విచారించే అధికారం ఉన్న కోర్టులో) దగ్గర ఆగారు. నేను పాత దావాకి కట్టాను. ఆయన 'లిటిగేటింగ్'కి కట్టొచ్చన్నారు. రెండూ గీసి చూశాం. ఎటు కట్టినా అది మొదటి దావా విన్న కోర్టే అవుతుంది, కాబట్టి అక్కడ కొట్టుకోనక్కర్లేదన్నారు. చివర్లో 'సచ్ కోర్ట్' అంటే ఏ కోర్టో మాత్రం గీతలు చెప్పలేవు, అది చదివి తెలుసుకోవాల్సిందే. 'డైరెక్ట్‌లీ అండ్ సబ్‌స్టాన్షియల్లీ' అన్న రెండు మాటలూ గీత కింద బుద్ధిగా వేలాడతాయి, కానీ వాటికి అర్థమేమిటో బొమ్మలో ఉండదు. దానికి తీర్పులు చదువుకోవాలి. ఈ పద్ధతితో చట్టం అంతా వచ్చేస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఇంకో చోట కూడా ఇది చేతులెత్తేసింది. తెలుగు వాక్యం. ఒక ఆదివారం సరదాగా "నాకు ఆకలిగా ఉంది" గీయమన్నాను. కర్త ఎవరు? నేనా, ఆకలా? "మా నాన్న టైలరు" అంటే క్రియ గీత మీద ఏం రాయాలి, అక్కడ ఏమీ లేదే. మాస్టారు కాసేపు పెన్సిలు తిప్పి, "వాళ్ల చొక్కా మనకి పట్టదు" అనేశారు. దానికి దారి మా అమ్మాయి చూపించింది, బీటెక్‌లో వాళ్లకి భాషల మీద ఒక సబ్జెక్టు ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు పాణిని కారకాలని, అంటే క్రియతో మిగతా మాటలకున్న సంబంధాలని, పట్టుకుని మన భాషల వాక్యాలకి చెట్లు గీసే పద్ధతి ఒకటి తయారుచేశారు. క్రియ పైన ఉంటుంది, మిగతావన్నీ దాని నుంచి కిందకి. కర్తకి కె1, కర్మకి కె2, కరణానికి (పని దేనితో జరిగిందో దానికి) కె3. 'నాకు ఆకలిగా ఉంది'లో 'నాకు' అనేదానికి అనుభవ కర్త అని వేరే గుర్తే ఉంది. క్రియ లేని చోట నల్ అని ఒక ఖాళీ చోటు పెడతారు. అడ్డగీతల కంటే ఇదే తెలుగుకి హాయిగా ఉంది.

అప్పటి నుంచి రెండూ వాడుతున్నాను. సెక్షన్‌ని ఇంగ్లీషులో గీతలతో విప్పుతాను, తర్వాత తెలుగులో చెట్టుగా కడతాను. అనువదించేటప్పుడు నాకు బాగా పనికొచ్చింది ఒక్కటే: ఇంగ్లీషు బొమ్మలో ఒక మాట కింద వేలాడేదంతా తెలుగులో ఆ మాటకి ముందుకి తోసెయ్యడం. 'ది సూట్ విచ్' అంటూ వెనకాల వచ్చేది మనకి 'వేసిన దావా' అని ముందే వచ్చేస్తుంది. వేలాడేది మరీ ఎక్కువైతే వాక్యాన్ని రెండు ముక్కలు చేస్తాను.

పరీక్ష హాల్లో గీసుకునే టైం ఉంటుందనుకోకండి. సెక్షన్ 11కి 19 రోజులు పట్టినా, అక్టోబర్ చివరికి ఒక మామూలు సెక్షన్ 20 నిమిషాల్లో విప్పగలిగాను. అయినా 20 నిమిషాలంటే పరీక్షలో ఒక పూర్తి జవాబు. నవంబర్ 18న బ్యాక్‌లాగ్ పరీక్ష. టెన్షన్‌లో ఏమీ గీయలేదు. ఒక్క 'అండ్' దగ్గర మాత్రం ఆన్సర్ షీట్ చివరి పేజీలో చిన్న చుక్కల గీత వేసుకుని కొట్టేశాను. సెక్షన్ 11 నేరుగా రాలేదు, రెస్ సబ్ జ్యుడిస్‌కీ (అదే తగాదా మీద ముందు వేసిన దావా ఇంకా నడుస్తుంటే తర్వాతి దావా విచారణ ఆపడం) దానికీ తేడా అడిగారు. ఆ తేడా అంతా 'హర్డ్ అండ్ ఫైనల్లీ డిసైడెడ్' దగ్గరే ఉంది.

రిజల్ట్స్‌కి 52 రోజులు పట్టింది. మొత్తం ఖర్చు లెక్క రాసుకున్నాను: ఫీజు 5,000, బస్సు ఫ్రీ కాకముందు సుమారు 600, కాగితాలు, చార్టులు, పెన్సిళ్లు 210, లాయరు గారి కాపీలు 140. 2026 జనవరి 9 మధ్యాహ్నం షాపులో సిస్టమ్ మీదే చూశాను. పాసు. 52 మార్కులు, రోజులు ఎన్నో మార్కులూ అన్నే.

మాస్టారికి ఫోన్ చేశాను. మార్కులు అడగలేదు.

"హర్డ్ అండ్ డిసైడెడ్ దేనికి కట్టావు?"

"మ్యాటర్‌కండీ."

"మంచిది. నవంబర్ ఫీజు ఇంకా రాలేదు అమ్మాయ్" అని పెట్టేశారు. నిజమే, పరీక్ష హడావిడిలో మర్చిపోయాను. పైన రాసిన లెక్కలో 5,000ని 6,000గా చదువుకోండి.